కిటికీల కంపెనీకి ఫోన్ చేసే ముందు ఒక అగరుబత్తి వెలిగించండి

ఇంగ్లండులో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు మొదటి చలికాలంలో రెండు పనులు చేస్తారు. థర్మోస్టాట్‌ని 23 డిగ్రీలకో 24కో తిప్పుతారు. గ్యాస్ బిల్లు చూసి కళ్ళు తిరిగాక డబుల్ గ్లేజింగ్ (జంట అద్దాల కిటికీలు) వాళ్ళకి ఫోన్ చేస్తారు. ఆ వచ్చినాయన టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, వేలల్లో ఒక అంకె చెప్పి, ఈ వారంలో సంతకం పెడితే ఇంత తగ్గిస్తానంటాడు. నా మాట వింటే ఆ సంతకం ఇప్పుడే పెట్టకండి. పాత ఇంట్లో ముందు ఆపాల్సింది గాలిని. ఆ పని రెండు మూడు వందల పౌండ్లలో తేలిపోతుంది, చాలావరకు మనమే చేసుకోవచ్చు కూడా. అది చేశాక ఇంకా చలేస్తే అప్పుడు పెద్ద ఖర్చుల గురించి ఆలోచించవచ్చు. వరస మారిస్తే మాత్రం డబ్బూ పోతుంది, చలీ పోదు.

మాది రెడింగ్‌లో 1890ల నాటి టెర్రస్ ఇల్లు, అంటే వరసగా అతికించి కట్టిన ఇళ్ళలో ఒకటి. అటూ ఇటూ పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడలు, ముందొక గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక ఎప్పుడో అతికించిన వంటగది, దానికీ వెనక బాత్రూమ్. ఇక్కడ ఐటీ ఉద్యోగాలకొచ్చిన మనవాళ్ళలో చాలామంది ఇలాంటి ఇళ్ళలోనే ఉన్నారు, స్టేషన్‌కి దగ్గర, కొత్త ఇళ్ళతో పోలిస్తే గదులు పెద్దవి. కొనేటప్పుడు మనం మురిసిపోయేది ఎత్తైన సీలింగు, పాత ఫైర్‌ప్లేస్, నిలువెత్తు కిటికీలు చూసి. డిసెంబరు వచ్చేసరికి ఆ మూడే మన మీద పగబడతాయి.

ముందు మీ గోడ ఏ రకమో తెలుసుకోండి, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు. బయటికెళ్ళి ఇటుకల వరస చూడండి. ఒకే వరసలో పొడుగు ఇటుక, పొట్టి ఇటుక, మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి అని మార్చి మార్చి కట్టి ఉంటే అది మన మేస్త్రీలు చెప్పే తొమ్మిదంగుళాల గోడే, మధ్యలో ఖాళీ లేదు. అన్నీ పొడుగు ఇటుకలే కనిపిస్తే లోపల ఖాళీ వదిలి కట్టిన జంట గోడ అయ్యుండొచ్చు, 1920ల తరువాత ఈ దేశంలో కట్టినవి ఎక్కువగా అవే. జంట గోడకి ఆ ఖాళీలో దూది లాంటిది నింపించుకోవచ్చు, చవకే, చేసేయండి (వాన బాగా కొట్టే వైపు గోడ అయితే ముందు ఎవరికైనా చూపించి). ఈ వ్యాసం ప్రధానంగా తొమ్మిదంగుళాల గోడలవాళ్ళ కోసం.

ఆ గోడే చలికి కారణం, దానికి ఇన్సులేషన్ (వేడి పోకుండా ఆపే పొర) చేయించనిదే ఏం చేసినా దండగ అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉంటాడు. ఆయన కోసం ఒక చిన్న లెక్క. మా ముందు గది సుమారు నాలుగు మీటర్లకి నాలుగున్నర, ఎత్తు 2.8. అంటే 50 ఘనపు మీటర్ల గాలి. బయట సున్నా, లోపల 20 డిగ్రీలు అనుకుందాం. టెర్రస్ ఇల్లు కాబట్టి బయటికి తగిలేది ముందు గోడ ఒక్కటే, కిటికీ తీసేస్తే ఎనిమిది చదరపు మీటర్లు. అలాంటి గోడకి చదరపు మీటరుకి డిగ్రీకి 1.7 వాట్ల చొప్పున పోతుందని లెక్కగడతారు, మొత్తం 270 వాట్లు. కిటికీ మూడు చదరపు మీటర్లు, ఒంటి అద్దం, దాన్లోంచి ఇంకో 300. ఇప్పుడు గాలి సంగతి. 50 ఘనపు మీటర్ల గాలిని 20 డిగ్రీలు వేడిచేయడానికి 330 వాట్ గంటలు కావాలి. పొగగూడు (ఫైర్‌ప్లేస్ చిమ్నీ) తెరిచి ఉండి, నేల చెక్కల మధ్య సందులుండి, గదిలో గాలి గంటకి రెండుసార్లు మారిపోతుంటే 660 వాట్లు ఊరికే బయటికి పోతున్నట్టు. గోడ, కిటికీ రెండూ కలిపి పోగొట్టేదానికంటే ఎక్కువ!

మంచి డబుల్ గ్లేజింగ్ వేయిస్తే ఆ కిటికీ 300 కాస్తా 85కి దిగుతుంది, 215 మిగిలాయి. గాలి మారడం రెండు నుంచి ఒకటికి తగ్గితే 330 మిగులుతాయి. కొత్త కిటికీలతో పాటు సందులు కూడా మూసుకుంటాయి కదా అంటారు, నిజమే, ఆ మేరకు కిటికీల కంపెనీకి మార్కులు వేద్దాం. కానీ సందు మూయడానికి కిటికీనే మార్చాలా? చెక్క పుచ్చిపోయి వేలు పెడితే దిగబడుతుంటే మార్చండి, నేను అడ్డుపడను. గట్టిగా ఉన్న నూటముప్ఫై ఏళ్ళ చెక్క కిటికీని పీకి ప్లాస్టిక్‌ది పెట్టడం నాకు మనస్కరించదు, అది వేరే సంగతి.

ఇంతకీ గాలి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా? ఇక్కడివాళ్ళు ఇంటికి పెద్ద ఫ్యాను బిగించి పరీక్ష చేస్తారు, దానికి డబ్బులవుతాయి. మన పూజగదిలో అంతకంటే చవకైన పరికరం ఉంది. గాలి బాగా వీస్తున్న రోజు చూసుకుని, హీటింగ్ ఆపి, కిటికీలన్నీ మూసి, వంటగదిలో బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, ఒక అగరుబత్తి వెలిగించండి. కర్టెన్లకి దూరంగా పట్టుకుని మెల్లగా గోడ వెంబడి నడవండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ పర్వాలేదు. వణికిందా, పక్కకి వంగిందా, దొరికినట్టే, పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మా ఇంట్లో గోడ అడుగున ఉండే చెక్క పట్టీ కిందనుంచి పొగని ఎవరో ఊదినట్టు కొట్టింది. స్విచ్ బోర్డు దగ్గర వంగింది. సింకు కింద అల్మారాలో పైపు గోడలోంచి బయటికెళ్ళే చోట అగరుబత్తి నుసి ఎగిరి నా చేతి మీద పడింది, చూస్తే పైపు చుట్టూ బొటనవేలు పట్టేంత కన్నం, ప్లంబరు తవ్వి అలాగే వదిలేశాడు. వాషింగ్ మెషీన్ వెనక కూడా చూడండి, అక్కడ ఎవరూ చూడరు కాబట్టి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. మధ్యలో స్మోక్ అలారం మోగితే కంగారు పడకండి, పనిచేస్తోందని సంతోషించండి.

కింద గదుల్లో గాలి లోపలికి వస్తే పై అంతస్తులో అదే గాలి బయటికి పోతుంటుంది. వేడిగాలి పైకి లేచి కప్పు కింది అటకలోకి ఎక్కే మూత సందుల్లోంచి, సీలింగ్ లైట్ల కన్నాల్లోంచి, పొగగూట్లోంచి పోతుంది, పోయినంత గాలిని కింద నేల సందుల్లోంచి లోపలికి లాగుతుంది. అందుకే చలంతా కాళ్ళ దగ్గర ఉంటుంది, థర్మోస్టాట్ మాత్రం గోడ మీద 20 చూపిస్తుంటుంది. కాబట్టి కింద మూస్తూ పైన వదిలేసినా, పైన మూసి కింద వదిలేసినా సగం పనే. అటక మూత చుట్టూ రబ్బరు పట్టీ అతికించి, మూత వెనక ఇన్సులేషన్ బోర్డు ముక్క ఒకటి అంటించండి, పది పౌండ్లలో అయిపోతుంది. నేను చెప్పేవాటిలో ఒక్కటే చేస్తామంటే ఇదే చేయమంటాను.

పొగగూడు గురించి వేరుగా చెప్పాలి. ఫైర్‌ప్లేస్ వాడకపోయినా చాలా ఇళ్ళలో దాని గొట్టం ఆకాశం దాకా తెరిచే ఉంటుంది, అంటే ముందు గదిలో రాత్రింబవళ్ళు ఒక కిటికీ తెరిచి పెట్టుకుని పడుకున్నట్టు. గొర్రె ఉన్నితో గట్టిగా చేసిన దిండులాంటిది దొరుకుతుంది, కర్రతో పైకి నెట్టి ఇరికించేయడమే, పాతిక ముప్ఫై పౌండ్లు. ఉన్ని కాబట్టి కొద్దిగా గాలి ఆడుతుంది, గొట్టం లోపల చెమ్మ పట్టదు. సిమెంటు పెట్టి పూర్తిగా మూసేస్తే ఆ చెమ్మే గోడ మీద మరకలై దిగుతుంది. ఆ ఉన్ని దిండు తాడు మాత్రం కిందికి వేలాడేలా వదలండి, రేపు ఇంకెవరైనా తెలియక మంట పెట్టకుండా. గ్యాస్ ఫైర్ గానీ కట్టెల పొయ్యి గానీ వాడుతున్నవాళ్ళు ఆ గూటి జోలికి అసలు వెళ్ళకూడదు, ఆ గదిలో గోడకి పెట్టిన గాలి జాలీని కూడా మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఇది చలి సంగతి కాదు, ప్రాణం సంగతి.

మూయకూడనిది ఇంకొకటి ఉంది. ఇంటి బయట నేలకి జానెడు ఎత్తున గోడలో చిల్లుల ఇటుకలు కనిపిస్తాయి. చలికి భయపడి వాటికి గుడ్డలు కుక్కేవాళ్ళని చూశాను, బయట గట్టు ఎత్తు పెంచి కప్పేసినవాళ్ళనీ చూశాను. అవి మీ చెక్క నేల కింద గాలి ఆడటానికి పెట్టినవి. మూస్తే కింద దూలాలకి చెమ్మ పట్టి పుచ్చిపోతాయి, అప్పుడు అయ్యే ఖర్చు ముందు పదేళ్ళ గ్యాస్ బిల్లు చిన్నదైపోతుంది. గాలిని నేల కింద ఆడనివ్వండి, నేల చెక్కల సందుల్లో, అడుగు పట్టీ కింద ఆపండి. సందుల్లో నొక్కి కూరే రబ్బరు పట్టీలు వస్తాయి, పట్టీ కింద సీలంటు (సందులు మూసే పేస్టు) గన్నుతో ఒక గీత గీస్తే చాలు, పైన మందపాటి తివాచీ పడితే ఇంకా మంచిది.

వీధి తలుపుకి ఉత్తరాల కన్నానికి లోపలివైపు బ్రష్షు ఉన్న మూత, తాళం కన్నానికి చిన్న బిళ్ళ, అడుగున బ్రష్షు పట్టీ. మూడూ కలిపి ఒక శనివారం పొద్దున్న పని. దాని మీద ఒక మందపాటి కర్టెన్ వేలాడదీయమని ఇక్కడి ముసలివాళ్ళు చెబుతారు, సరిగ్గా చెబుతారు. అందుకని యాభై అరవై పౌండ్లు పెట్టి కొనక్కర్లేదు. మా అమ్మ పాత నేత చీరలతో కుట్టి పంపిన బొంత ఉంది, నాలుగు పొరలు, అడుగడుక్కీ కుట్లు, దాన్ని రాడ్డుకి తగిలించాం. తలుపు వెనక చీర అంచులు కనిపిస్తుంటే ఇక్కడి స్నేహితులు ఎక్కడ కొన్నారని అడుగుతారు. అమ్మ మాత్రం కప్పుకోమని పంపితే తలుపుకి కట్టారేంట్రా అని ఫోన్‌లో తిట్టింది.

కిటికీలకి వద్దాం. అప్పట్లో హిస్టారిక్ స్కాట్లండ్ అనే ప్రభుత్వ సంస్థ గ్లాస్గో కాలెడోనియన్ విశ్వవిద్యాలయంతో పాత ఒంటి అద్దం కిటికీల మీద పరీక్ష చేయించింది, 2008లో ఫలితాలు వచ్చాయి. మందపాటి కర్టెన్ వేస్తే అద్దంలోంచి పోయే వేడి 14 శాతం తగ్గింది. మామూలు రోలర్ బ్లైండుతో 22. లోపలివైపు చెక్క తలుపులు, అంటే ఆ ఇళ్ళు కట్టినప్పుడే పెట్టిన మడత తలుపులు మూస్తే 51. కిటికీకి లోపలివైపు ఇంకో అద్దం బిగిస్తే 63. మీ కిటికీ పక్కల గోడలోకి చెక్క పెట్టెలా ఉండి దాని మీద పొరలు పొరలుగా పెయింటు ఉంటే ఒకసారి తట్టి చూడండి, ఆ మడత తలుపులు ఇంకా అందులోనే ఉండి ఉండొచ్చు, ఎవరో యాభై ఏళ్ళ కిందట పెయింటు వేసి మూసేసి ఉంటారు.

లోపలివైపు అద్దం మనిషిని పిలిపించి వేయిస్తే ఖరీదే. కానీ అయస్కాంతం పట్టీతో అతుక్కునే అక్రిలిక్ షీటు కొలతకి కోయించుకుని మనమే పెట్టుకోవచ్చు, వేసవిలో తీసి మంచం కింద పెట్టేయొచ్చు. అదీ బరువనుకుంటే పదిహేను పౌండ్ల లోపు పల్చటి ఫిల్ము వస్తుంది, చట్రం చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు వేసి, ఫిల్ము అతికించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి పెడితే ముడతలన్నీ పోయి అద్దంలా బిగుసుకుంటుంది. అంతమాత్రానికే చెవి దగ్గర గాలి కోయడం ఆగిపోతుంది. ఒక్క సీజనే ఉంటుంది, ఉండనీయండి. పడకగదిలో అన్ని కిటికీలకీ మాత్రం వేసేయకండి, మంటలు వచ్చినప్పుడు బయటపడటానికి ఒకటి తెరుచుకునేలా ఉండాలి.

చిన్న విషయం ఒకటి, ఎన్ని ఇళ్ళలో చూస్తానో చెప్పలేను: ఈ దేశంలో రేడియేటర్ (వేడినీళ్ళు తిరిగి గదిని వేడిచేసే ఇనుప పలక) కిటికీ కింద ఉంటుంది, మనవాళ్ళు నేలదాకా వేలాడే కర్టెన్లు కొంటారు. సాయంత్రం కర్టెన్ వేయగానే రేడియేటర్ కర్టెన్ వెనక్కి పోతుంది, వేడంతా అద్దానికి అర్పణం. కర్టెన్ కిటికీ గట్టు దాకానే ఉండాలి, లేదా రేడియేటర్ వెనక్కి దోపాలి. ఇది పైసా ఖర్చు లేని పని. బయటి గోడకి ఉన్న రేడియేటర్ల వెనక వెండి రేకులాంటి షీటు కూడా పెడతారు, కొద్దిగా ఉపయోగం ఉంది, చేస్తే చేయండి, లేకపోతే లేదు.

అటక మీద దూది లాంటి ఇన్సులేషన్ పరుపు 270 మిల్లీమీటర్లు ఉండాలని ఇక్కడి లెక్క, దూలాల మధ్య 100, వాటికి అడ్డంగా ఇంకో 170. అసలేమీ లేని అటకకి ఆ మొదటి 100 వేస్తేనే పోయే వేడి ఆరోవంతుకి పడిపోతుంది, తరువాత 170 వేసినందుకు మిగిలేది తక్కువ. కాబట్టి మీకు ముందే 100 ఉంటే అటక గురించి నిద్ర మానుకోకండి, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. అసలు సమస్య మన సూట్‌కేసులు. ప్రతి తెలుగు ఇంట్లోనూ అటక మీద ఏడెనిమిది పెద్ద సూట్‌కేసులు, పాత గ్రైండరు, రెండు కుక్కర్లు, పిల్లల తొట్టి ఉంటాయి, అవన్నీ ఆ దూది మీదే పెడతాం. నలిగిన దూది సరిగ్గా పనిచేయదు, దాని లోపల చిక్కుకున్న గాలే వేడిని ఆపేది. సామాను పెట్టాల్సి వస్తే దూలాల మీద ప్లాస్టిక్ కాళ్ళు బిగించి, వాటి మీద బోర్డులు వేసి పెట్టండి. దూదిని చూరు అంచుల దాకా కుక్కకండి, అక్కడ గాలి ఆడాలి. షవరు కరెంటు వైరు దూది కింద పడకుండా చూడండి, వేడెక్కుతుంది. నీళ్ళ ట్యాంకు ఉంటే దాని కింద మాత్రం దూది వేయకూడదు, ఇంటి వేడి తగలక ఆ నీళ్ళు గడ్డకడతాయి.

ఇక మనవాళ్ళతో గొడవ పడాల్సిన చోటికి వచ్చాం. గాలి ఆపమంటున్నాను కదా, ఆవిరిని మాత్రం బయటికి పంపాలి. ఈ రెండో సగం చేయకుండా మొదటిది చేస్తే ఇల్లు బూజు పట్టిపోతుంది. ఇంగ్లీషువాళ్ళ వంటింట్లో టోస్టు, సూపు. మన వంటింట్లో కుక్కర్ ఆరు విజిళ్ళు, పక్క పొయ్యి మీద సాంబారు, ఇడ్లీ పాత్ర, పాలు కాగుతుంటాయి. దానికి తోడు వాషింగ్ మెషీన్‌లోంచి తీసిన బట్టలు రేడియేటర్ల మీద. ఒక దఫా తడిబట్టలు ఇంట్లో ఆరేస్తే సుమారు రెండు లీటర్ల నీళ్ళు ఆ గదుల గాల్లోకి పోతాయి. ఆ ఆవిరి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికెళ్ళి నీళ్ళవుతుంది: ఉత్తరం గోడ మూల, బీరువా వెనక, పరుపు కింద. రెండు వారాలకి నల్లటి చుక్కలు. పెయింటు వేస్తే మళ్ళీ వస్తాయి, వస్తూనే ఉంటాయి.

బయట వాన పడుతుంటే కిటికీ తెరిస్తే తేమ లోపలికి వస్తుంది కదా అని అడుగుతారు. కాకినాడలో పుట్టినవాడికి ఆ ప్రశ్న సహజం, నాకూ సహజమే. కానీ ఐదు డిగ్రీల గాలి నూటికి నూరు శాతం తేమతో ఉన్నా దాన్లో ఉండేది ఘనపు మీటరుకి ఏడు గ్రాముల లోపు నీరు. అదే గాలి ఇంట్లోకొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే 17 గ్రాములు మోయగలదు, అంటే తేమ 40 శాతం లోపుకి పడిపోయింది. చలికాలంలో బయటి గాలి, వానలో కూడా, మన ఇంటి గాలికంటే పొడిగాలే. కాబట్టి వంట అవుతున్నంతసేపూ వంటింటి తలుపు మూసి ఫ్యాను వేయండి, అయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వండి. పొద్దున్నే ఎదురెదురు కిటికీలు ఐదు పది నిమిషాలు బార్లా తెరిచి మూసేయండి, గోడలు చల్లబడవు, గాలి మాత్రం మారిపోతుంది. మనం తెరిచినప్పుడు గాలి పోతే పర్వాలేదు, మనల్ని అడగకుండా రాత్రంతా పోవడమే నష్టం.

తేమ చూపించే చిన్న మీటరు పది పౌండ్లు, ఇంట్లో ఒకటి ఉండాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే బాగున్నట్టు. ఎంతకీ దిగకపోతే గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ కొనండి, నూట యాభై నుంచి రెండు వందల పౌండ్లు అవుతుంది, బట్టలు ఒక చిన్న గదిలో ఆరేసి తలుపు మూసి దాన్ని పెడితే రాత్రికి ఆరిపోతాయి, ఆ కరెంటు కూడా వేడిగా ఇంట్లోనే మిగులుతుంది. బూజుని తేలిగ్గా తీసుకోకండి. రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు బూజు పట్టిన ఫ్లాటులో ఉండి శ్వాసకోశ జబ్బుతో చనిపోయాడు. తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ మాత్రం ఆ కుటుంబం జీవన విధానమే కారణమన్నట్టు మాట్లాడింది. ఆ పిల్లాడి పేరుతో వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్ళు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్ళకి అమల్లో ఉన్నాయి. అందుకే ఆవిరి తగ్గించమని నేను చెప్పేది మీ కోసం, బూజు పట్టిందని మీ వంటని వేలెత్తి చూపించే ఓనరుకి వత్తాసు పలకడానికి కాదు. ఫ్యాను లేని వంటిల్లు ఇచ్చి కూరలు వండకండి అంటే ఎలా?

రేడియేటర్లకి నీళ్ళు కాచే గ్యాస్ బాయిలర్ సంగతి క్లుప్తంగా. 2005 నుంచి ఇక్కడ పెడుతున్నవన్నీ దాదాపుగా కండెన్సింగ్ బాయిలర్లే, అంటే పొగలో ఉన్న ఆవిరి నుంచి కూడా వేడి పిండుకునేవి. అయితే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆ పిండుకోవడం జరుగుతుంది. పెట్టేవాళ్ళు 75కో 80కో పెట్టి వెళ్ళిపోతారు. కాంబీ బాయిలర్ (వేడినీళ్ళు నిలవుంచకుండా అప్పటికప్పుడు కాచేది) అయితే ముందు ప్యానెల్ మీద రేడియేటర్ బొమ్మ ఉన్న గుండీని 60కి దించండి. ఇల్లు వేడెక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది, అరగంట ముందుగా ఆన్ అయ్యేలా పెట్టుకుంటే సరి. వేడినీళ్ళు నిలవుంచే సిలిండరు ఉన్నవాళ్ళు అంత దించకూడదు, సిలిండరులో నీళ్ళు 60కి చేరకపోతే బ్యాక్టీరియా పెరుగుతుంది. రోజంతా సన్నగా ఆన్‌లో ఉంచితేనే చవక అనే మాట మాత్రం నమ్మకండి. వేడి కారిపోయే ఇంట్లో రోజంతా హీటింగ్ అంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

2022 అక్టోబరులో గ్యాస్ యూనిట్ పది పెన్నీలు దాటినప్పుడు చాలామంది హీటింగే ఆపుకుని కూర్చున్నారు. అదీ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చలి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంటుంది, ముసలివాళ్ళకీ పసిపిల్లలకీ ఇంకాస్త ఎక్కువే కావాలి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద సరిగ్గా చలికాలంలోనే దిగుతారు, మనవడి పుట్టినరోజు డిసెంబరులో కదా అని. నాన్నగారు లుంగీ బనియన్ మానరు. ఆయన కోసం ఇల్లంతా 24 చేయడం కంటే ఆయన కూర్చునే గది 20 ఉంచి, సోఫాలో కరెంటు దుప్పటి ఇవ్వండి. అది 100 వాట్లు, గంటకి మూడు పెన్నీల లోపు ఖర్చు. మొదటిరోజు షాక్ కొడుతుందేమో అంటారు, రెండో రోజు రిమోట్ ఇవ్వరు.

పెద్ద ఖర్చుల మీద నాకెందుకింత అనుమానమంటే, ఇంటికి వచ్చి తలుపు కొట్టి ‘గవర్నమెంటు స్కీమ్ అండీ, మీకు ఫ్రీ’ అనేవాళ్ళ చరిత్ర అంత గొప్పగా లేదు. ప్రభుత్వ పథకాల కింద ఇళ్ళకి బయటివైపు ఇన్సులేషన్ వేసినవాటిని తనిఖీల లెక్కలతో చూసి ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2025 అక్టోబరులో ఒక నివేదిక ఇచ్చింది: వాటిలో 98 శాతం ఇళ్ళలో పని సరిదిద్దాల్సిన లోపాలున్నాయి, లోపలివైపు వేసినవాటిలో 29 శాతం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ వానకి తడిసి ఎండకి ఆరే గోడ. దాని మీద గాలీ చెమ్మా ఆడని పొర వేసి, అంచుల దగ్గర సరిగ్గా మూయకపోతే నీళ్ళు లోపలికి దిగి ఇక బయటికి రావు. గోడకి ఇన్సులేషన్ వద్దని కాదు, అది తెలిసినవాడు, సున్నం, చెమ్మ, గాలి అన్నీ లెక్కలో పెట్టుకుని చేయాల్సిన పని. అటకలో నురగ కొట్టించుకోవడం మాత్రం అసలు వద్దు. ఆ నురగ ఉన్న ఇళ్ళకి లోను ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడుతున్నాయి, కింద దూలాలు ఎలా ఉన్నాయో కనిపించవు కాబట్టి. వేయించుకున్నదానికంటే పీకించుకోవడానికి ఎక్కువ అవుతోంది కొందరికి. సందులు మూసిన రబ్బరు పట్టీ బాగుండకపోతే పీకి పారేయొచ్చు, ఈ తేడా నాకు చాలా పెద్దది.

అద్దెకున్నవాళ్ళు కూడా పైన చెప్పినవాటిలో ముప్పాతిక చేసుకోవచ్చు. ఫిల్ము, తలుపు అడుగు బ్రష్షు, పొగగూటి ఉన్ని, కర్టెన్లు, మీటరు, అన్నీ వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళేవో తీసేసేవో. అటక దూది, ఫ్యాను ఓనరు పని, ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. ఇంగ్లండులో A నుంచి G దాకా ఇచ్చే ఎనర్జీ రేటింగులో E కంటే కింద ఉన్న ఇంటిని మినహాయింపు లేకుండా అద్దెకివ్వకూడదు, ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, చూసి మరీ అడగండి. సొంత ఇల్లున్నవాళ్ళు మనిషిని పెట్టి ఇన్సులేషన్ పనులు చేయిస్తే 2027 మార్చి 31 దాకా వ్యాట్ సున్నా, సామాను మనమే కొని మనమే చేసుకుంటే మాత్రం 20 శాతం కట్టాలి. కష్టపడేవాడికే పన్ను, ఏం చేస్తాం.

ఇవన్నీ చేశాక మా ఇల్లు కొత్త ఇల్లైపోలేదు. ముందు గది, పడకగదులు 19 దగ్గర సుఖంగా ఉంటాయి, ఇదివరకు 22 పెట్టినా కాళ్ళు జివ్వుమనేవి. వెనక అతికించిన వంటగది, బాత్రూమ్ మాత్రం అలాగే ఉన్నాయి. అటు మూడు వైపులా బయటి గోడలు, పైన బల్లపరుపు కప్పు, దాని మీద తారు పొర, అగరుబత్తికి అక్కడ దొరికేదేమీ లేదు. ఆ కప్పు మీద తారు ఎలాగూ పాతబడింది, రెండు మూడేళ్ళలో మార్చాలి, అప్పుడే దాని కింద ఇన్సులేషన్ బోర్డు వేయించడానికి మనిషితో మాట్లాడి పెట్టాం. కప్పు రెండుసార్లు విప్పించడం అనవసరం. అప్పటిదాకా స్నానానికి వెళ్ళే పది నిమిషాల ముందు అక్కడి గోడ హీటరు వేసుకుంటున్నాం, ఎవరు ముందు వెళ్ళాలన్న దాని మీద రోజూ గొడవే.